ఏడాది తిరగ్గానే నెట్ బిల్లు పెరిగింది, మోసమేనా?

ప్రశ్న: మాది నరసన్నపేట. నేను రిటైరైన టీచర్ని. మావారికి కంటిచూపు తగ్గింది, ఇంట్లో ఇద్దరమే ఉంటాం. అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. వాడితో వీడియోకాల్ మాట్లాడుకోవడానికి, టీవీ చూడటానికి కిందటేడు ఇంటర్నెట్ పెట్టించుకున్నాం. నెలకి 499 అన్నారు, పన్నుతో కలిపి 588 చిల్లర అయ్యేది. డబ్బులు ఫోన్లోంచి వాటంతటవే కట్ అవుతాయి. మొన్న పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే, మూడు నెలలుగా 824 రూపాయల 82 పైసలు పోతోందని తెలిసింది. కేబుల్ అబ్బాయిని అడిగితే "ఏడాది ఆఫర్ అయిపోయింది కదమ్మా, అందరికీ ఇంతే" అన్నాడు. మా అబ్బాయేమో అక్కడైతే కంపెనీ వాళ్లే ముందుగా చెప్పాలి, ఇది మోసం అంటున్నాడు. మావారు రెండొందలకి గొడవెందుకు అంటున్నారు. ఇది మోసమేనా? కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? తీయించేసి వేరేది పెట్టించుకోమంటారా? ఆ కేబుల్ అబ్బాయి తెలిసినవాడే, వాళ్లమ్మ నా దగ్గరే చదువుకుంది. ఏమన్నా అందామంటే మొహమాటంగా ఉంది.

సమాధానం:

అమ్మా, నమస్కారం. మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, నన్ను పట్టుకున్నది మాత్రం చివర్లో రాసిన ఆ మొహమాటం. దాని దగ్గరికి వస్తాను. ముందు బిల్లు సంగతి చూద్దాం.

మొదటి ఏడాదిలో వచ్చిన పాత బిల్లు ఒకటి, ఇప్పటి బిల్లు ఒకటి తీయండి. కంపెనీ యాప్‌లో ఉంటాయి, లేదా ఈమెయిల్‌కి వచ్చి ఉంటాయి. ఫోన్లో అక్షరాలు కనబడకపోతే జిరాక్స్ షాపులో రెండు పేజీలు ప్రింట్ తీయించుకుని పక్కపక్కన పెట్టుకోండి. పాత బిల్లులో నెల రెంటల్ 699 అని ఉండి, దాని కింద డిస్కౌంట్ అని 200 తీసేసి ఉంటుంది. మిగిలిన 499 మీద 18 శాతం జీఎస్టీ 89.82, మొత్తం 588.82. కొత్త బిల్లులో ఆ డిస్కౌంట్ లైను ఒక్కటే ఉండదు. 699, దానిమీద పన్ను 125.82, మొత్తం 824.82. మీ పాస్‌బుక్‌లో పడ్డ అంకెతో పైసలతో సహా సరిపోయింది, అందుకే బిల్లు చూడకుండానే ఇంత నమ్మకంగా చెప్తున్నాను.

అంటే మీ ప్లాన్ ధర మొదటిరోజు నుంచీ 699యే. ఏడాది పాటు 200 తగ్గించి ఇచ్చారు, గడువు అయ్యాక ఆ తగ్గింపు తీసేశారు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు 499 అన్న మాట గట్టిగా చెప్పి, "మొదటి పన్నెండు నెలలకి" అన్న మాట మీచేత వేలితో సంతకం పెట్టించిన ఆ ఫోన్ స్క్రీన్‌లో ఎక్కడో కిందకి వదిలేసి ఉంటారు. చట్టం లెక్కలో దీన్ని మోసం అని నిరూపించడం కష్టం. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ ధరలు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించదు, కంపెనీలే పెట్టుకుని ట్రాయ్‌కి తెలియజేస్తాయి. ఆఫర్ అయిపోయాక అసలు ధర తీసుకుంటామని ఫారంలో రాసి ఉంటే వాళ్లు చేసింది రూలు ప్రకారమే. అయినా మీకు కోపం రావడం న్యాయమే. డెబ్బై ఏళ్ల దగ్గరపడ్డ మనుషులకి ధర మారే రోజున ఒక ఫోన్ చేసి "అమ్మా, వచ్చే నెల నుంచి ఇంత అవుతుంది" అని చెప్పడానికి వాళ్లకేం అడ్డం వచ్చింది? డబ్బు కట్టకపోతే రెండోరోజే ఫోన్ చేస్తారు కదా.

ఒకవేళ మీరు నెలనెలా కాకుండా పన్నెండు నెలల డబ్బు ఒకేసారి కట్టి ఉండి, ఎనిమిదో నెలలో ఇంకా కట్టమని అడిగితే అది వేరే సంగతి. కట్టినన్నాళ్లూ చెప్పిన ధరకే ఇవ్వాలి. లేదా ఫారంలో గానీ మెసేజ్‌లో గానీ "24 నెలలు ఇదే ధర" అని ఉంటే అప్పుడు మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. అందుకే ముందు ఆ కనెక్షన్ ఫారం కాపీ వెతకండి, దొరక్కపోతే కంపెనీనే పంపమని అడగండి.

ఇప్పుడు ఆ ఆటోమేటిక్‌గా కట్ అయ్యే సంగతి. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. మీరు యూపీఐ ఆటోపే పెట్టినరోజు 588 రూపాయలకి మాత్రమే ఒప్పుకున్నాననుకుని ఉంటారు. ఆ మాండేట్‌లో, అంటే మీరిచ్చిన ఆ అనుమతిలో, చాలాసార్లు ఉండేది గరిష్ఠ పరిమితి. అందులో 1,000 అనో 2,000 అనో ఉంటే ఆ లోపు బిల్లు ఎంత వచ్చినా మిమ్మల్ని మళ్లీ పిన్ అడగకుండానే డబ్బు పోతుంది. 824 ఆ పరిమితిలో పడింది కాబట్టి చడీచప్పుడు లేకుండా కట్ అయింది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు ఎంత పోబోతోందో చెప్తూ ఒక మెసేజ్ రావాలి. మీ ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెనక్కి జరిపి చూడండి, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌కీ లోన్ ఇస్తామనే మెసేజ్‌కీ మధ్యలో ఎక్కడో అది కూడా వచ్చి ఉంటుంది. రోజుకి ముప్పై మెసేజ్‌లు వచ్చే ఫోన్లో అది కళ్లపడకపోవడం మీ తప్పేం కాదు. ఇక నుంచి మాత్రం యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోటికి వెళ్లి ఆ పరిమితి ఎంతుందో చూడండి. ఎక్కువుంటే ఆ మాండేట్ రద్దు చేసి, మీరే నెలనెలా చూసి కట్టుకోండి. ఐదు నిమిషాల పని.

ఒక్క జాగ్రత్త. ఆటోపే ఆపేసినంత మాత్రాన కనెక్షన్ ఆగినట్టు కాదు. మా చుట్టాలావిడ ఒకరు ఇలాగే డబ్బు ఆపేసి "వాళ్లే తీసేస్తార్లే" అనుకుని ఊరుకున్నారు. రెండు నెలల బాకీ, దానిమీద పెనాల్టీ, పైగా రికవరీ వాళ్ల ఫోన్లు. వద్దనుకుంటే వద్దని చెప్పి, రాతపూర్వకంగా మూయించాలి.

మా ఇంట్లో జరిగింది కూడా చెప్తాను, ఎందుకంటే మీకూ ఇదే జరిగి ఉండొచ్చు. విజయనగరంలో మా ఇంటికి కనెక్షన్ తీసుకున్నప్పుడు ఫారం నింపింది మా మరిది. నంబర్ తనదే ఇచ్చాడు. తర్వాత ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. ఆఫర్ అయిపోతోందని కంపెనీ పంపిన మెసేజ్ ఆ నంబర్‌కి వెళ్లింది, తను అది తనకి సంబంధం లేనిదనుకుని తుడిచేశాడు. ఐదు నెలలు ఎక్కువ కట్టాక తెలిసింది మాకు. ఫోన్ చేసి అరిస్తే "మేం మెసేజ్ పంపాం మేడమ్" అన్నారు, నిజంగానే పంపారు. అందుకే మీ కనెక్షన్‌కి ఏ నంబర్, ఏ ఈమెయిల్ ఎక్కించారో ఈరోజే చూడండి. పెట్టించినప్పుడు మీ అబ్బాయి ఇండియాలో ఉంటే వాడి పాత సిమ్ నంబర్ అయి ఉండొచ్చు.

అక్కడి రూలు గురించి మీ అబ్బాయి చెప్పింది నిజమే. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ 2020 ఫిబ్రవరి నుంచి ఒక రూలు పెట్టింది. కాంట్రాక్టు కనీస గడువు అయిపోవడానికి 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీయే కస్టమర్‌కి రాయాలి, ఇప్పుడెంత కడుతున్నారు, గడువయ్యాక ఎంతవుతుంది, మా దగ్గరే ఇంతకంటే మంచి ప్లాన్ ఏముంది అన్నవి అందులో ఉండాలి. అక్కడ గడువులు 18 నెలలో 24 నెలలో ఉంటాయి, ఆ మధ్యలో కూడా ధర పెంచుతారు. ఆ పెంపు "ద్రవ్యోల్బణం మీద ఇంత శాతం" అని తెలియకుండా రాసే పద్ధతిని, 2025 జనవరి 17 నుంచి కొత్తగా తీసుకునే కాంట్రాక్టుల్లో ఆపించారు, ఎప్పుడు ఎంత పెంచుతారో పౌండ్లలో పెన్నీల్లో ముందే చెప్పాలి. కంపెనీ మారాలంటే కొత్త కంపెనీకి చెప్తే చాలు, పాతదానితో వాళ్లే మాట్లాడుకుంటారు, ఆ ఏర్పాటు 2024 సెప్టెంబరులో వచ్చింది. ఇక్కడ మొబైల్ నంబర్ పోర్ట్ చేసుకోగలుగుతున్నాం గానీ ఇంటి ఇంటర్నెట్‌కి అలాంటిది లేదు. కొత్త వైరు లాగాలి, కొత్త బాక్స్ పెట్టాలి, పాతదాన్ని మనమే మూయించుకోవాలి. అందుకే మనం మారం, మారమని కంపెనీకీ తెలుసు. మొదటి ఏడాది తక్కువకి ఇచ్చేదే అందుకు. వైరు, బాక్స్, లైన్‌మ్యాన్ ఖర్చు పెట్టుకుని మనల్ని లోపలికి తెచ్చుకుంటారు, ఆ తర్వాత టీవీ, ఫోన్లు, వీధిలోకి పెట్టుకున్న కెమెరా అన్నీ ఆ వైఫైకి అలవాటు పడ్డాక కదలడానికి మనకే బద్ధకం.

కాబట్టి అక్కడ కంపెనీ చేసే పని ఇక్కడ మీరు చెయ్యాలి. సోమవారం పొద్దున్న కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యడానికి కూర్చోండి. దానికి ముందురోజు రెండు విషయాలు తెలుసుకోండి. మీ కంపెనీ కొత్తవాళ్లకి ఇప్పుడు ఏ ధరకిస్తోంది, మీ వీధిలో ఇంకెవరి వైర్లు ఉన్నాయి. మొదటిది పక్కింటివాళ్లచేత ఫోన్ చేయించి "మాకు కనెక్షన్ కావాలి" అని అడిగిస్తే తెలుస్తుంది. రెండోది మీ కరెంటు స్తంభం దగ్గర నిలబడి చూసినా తెలుస్తుంది, వీధిలో నలుగురిని అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్, ఏపీ ఫైబర్‌నెట్ కూడా అడగండి.

ఫోన్లో మెషిన్ గొంతు వినిపించినప్పుడు బిల్లింగ్ నొక్కకండి, కనెక్షన్ రద్దు అన్న నంబర్ నొక్కండి. బిల్లింగ్‌లో ఉండేవాళ్లు బిల్లు చదివి వినిపించగలరు, అంతకుమించి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. వెళ్లిపోయేవాళ్లని ఆపే విభాగం వేరే ఉంటుంది, ధర తగ్గించే అధికారం వాళ్లకే ఉంటుంది. అక్కడ ఇలా చెప్పండి: "ఏడాది నుంచి ఒక్క బిల్లు కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆఫర్ అయిపోయిందని నాకు తెలియలేదు. కొత్తవాళ్లకి 499కి ఇస్తున్నారు, నాకెందుకు ఇవ్వరు? ఇవ్వకపోతే ఈ నెలాఖరుకి మూసెయ్యండి." కోపంగా చెప్పక్కర్లేదు. మీరు క్లాసులో చెప్పినట్టు నిదానంగా, స్పష్టంగా చెప్పండి చాలు. వాళ్లు ఆలోచించుకోవడానికి లైనులో పెడితే మీరూ మాట్లాడకుండా ఉండండి. ఖాళీ పూరించాలని "పోనీ 599 అయినా పర్లేదు" అనేస్తాం మనం, అక్కడే పోతుంది.

తగ్గిస్తామన్నాక వెంటనే సరే అనకండి. ఆ ధర పన్నుతోనా పన్ను కాకుండానా, ఎన్ని నెలలకి, ఆ తర్వాత ఎంత, ఇప్పటి నుంచి కొత్తగా లాకిన్ (ఇన్నాళ్లు మానకూడదన్న గడువు) మొదలవుతుందా, మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలా అని అడగండి. 599 అన్నారంటే మీ చేతిలోంచి పోయేది 706.82. ఇవన్నీ ఒప్పుకున్నాక మెసేజ్‌గానో ఈమెయిల్‌గానో పంపమనండి, అది వచ్చేదాకా ఫోన్ పెట్టకండి. కట్టేసిన మూడు నెలల తేడా 708 రూపాయలు అవుతుంది, అది వెనక్కిస్తారన్న ఆశ నాకు పెద్దగా లేదు. అయినా అడగండి. "మెసేజ్ నాకు రాలేదు, వచ్చే బిల్లులో ఎంతో కొంత తగ్గించండి" అంటే కొన్నిసార్లు ఒక నెల తేడా అయినా సర్దుతారు.

ఇంకో సంగతి, మీకు అసలు ఎంత స్పీడ్ కావాలి? ఇంట్లో ఇద్దరు, ఒక టీవీ, ఒక వీడియోకాల్. వీడియోకాల్‌కి నాలుగు ఎంబీపీఎస్ ఉంటే చాలు, హెచ్‌డీలో సినిమా చూస్తే ఐదారు. రోజుకి నాలుగ్గంటలు టీవీ అదే నెట్ మీద చూసినా నెలకి 360 జీబీ దాటదు. అన్‌లిమిటెడ్ అని అమ్మే చాలా ప్లాన్లలో స్పీడ్ కోత పడేది 3,300 జీబీ దగ్గర. మీరు వందో నూట యాభయ్యో ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఉంటే అందులో మీరు వాడేది చాలా కొంచెమే. అదే కంపెనీలో కింది ప్లాన్‌కి దిగితే గొడవే లేకుండా పాత ధర దగ్గరికి రావచ్చు. ఓటీటీ యాప్‌లు కలిపి ఇస్తే వాటిలో మీరు నిజంగా చూసేవి ఎన్నో లెక్కపెట్టండి. మా ఇంట్లో పదకొండు ఇచ్చారు, తెరిచింది రెండు.

కంపెనీ మారాలా అంటే, ధర ఒక్కటే చూసి మారకండి, ఈ మాట మన జిల్లాలవాళ్లకి గట్టిగా చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు లేక జనం ఎన్ని రోజులు ఉన్నారో. కరెంటు వచ్చాక కూడా కేబుల్ కలిపేది ఊళ్లో ఉండే మనిషే, హైదరాబాదులో ఉన్న కాల్ సెంటర్ రాదు. కాబట్టి పక్కవీధివాళ్లని "మీ నెట్ పోతే ఎన్నాళ్లకి వచ్చి బాగుచేస్తారు" అని అడిగాకే మారండి. నెలకి వంద తక్కువైనా, మూడు రోజులు మీ అబ్బాయి ముఖం కనబడకపోతే ఆ వంద ఎందుకు?

ఆ కేబుల్ అబ్బాయి దగ్గరికి వస్తున్నాను. ఆ ధర వాడు పెట్టింది కాదమ్మా. వాడు కంపెనీ కింద లైన్లు చూసుకునే మనిషి, మీ బిల్లులో వాడికి వచ్చేది కొంత కమిషన్. 824ని 588 చేసే బటన్ వాడి దగ్గర లేదు. అందుకే వాడితో గొడవపడొద్దని నేనూ అంటాను, కానీ మొహమాటపడి ఊరుకోవడం మాత్రం వద్దు. మీరు ఫోన్ చేసేది కంపెనీకి. వాడికి ఒక మాట ముందే చెప్పండి, "బాబూ, నీమీద కోపం లేదు, ధర తగ్గించకపోతే మాత్రం నేను మూయిస్తాను, నువ్వు కూడా పైకి చెప్పు" అని. కస్టమర్ పోతే వాడి కమిషన్ కూడా పోతుంది, కాబట్టి వాడే ఆఫీసులో అడిగి ఒక ప్లాన్ పట్టుకొచ్చినా ఆశ్చర్యపోను. తెలిసినవాళ్ల పిల్లాడని నెలకి 236 చొప్పున ఏడాదికి 2,832 రూపాయలు కట్టడంలో వాడికి ఒరిగేది కూడా ఏమంత లేదు. అది మీవారి కంటి మందులకి పనికొచ్చే డబ్బు. రెండొందలకి గొడవెందుకన్న ఆయనకి ఈ ఏడాది లెక్క చెప్పండి.

మూయించాల్సి వస్తే, ముందు కొత్తది వచ్చి రెండు మూడు రోజులు బాగా నడిచాకే పాతది మూయించండి. మూసినట్టు నంబర్ తీసుకోండి. ఆ బాక్స్, దాని ఛార్జర్ వాళ్లవే అయి ఉంటాయి, తీసుకెళ్లేటప్పుడు వచ్చినవాడిచేత కాగితం మీద సంతకం పెట్టించుకుని, బాక్స్ వెనకున్న సీరియల్ నంబర్ కనబడేలా ఒక ఫోటో తీసి ఉంచండి. డిపాజిట్ కట్టి ఉంటే అది ఎప్పటికి వస్తుందో అప్పుడే అడగండి.

ఇక కంపెనీ మాట వినకపోతే, లేదా ఒప్పుకున్నాక కూడా బిల్లు పాత తీరులోనే వస్తే. కస్టమర్ కేర్‌కి చేసిన ప్రతి ఫిర్యాదుకీ ఒక డాకెట్ నంబర్ ఇవ్వాలి, అది రాసుకోండి. తేలకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలో ఉండే అప్పీలు అధికారికి రాయొచ్చు, దానికి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి నేరుగా రాసి ఎదురుచూడకండి, ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ తీసుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్యొచ్చు. అదీ కాకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం గొడవలు అక్కడ చెల్లవని కంపెనీలు చాలా కాలం వాదించాయి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెల్లుతాయని తేల్చింది. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే రాసుకోవచ్చు. మీ విషయంలో అంతదాకా పోతుందని నేననుకోవడం లేదు, డిస్కౌంట్ అయిపోవడం ఒక్కటే అయితే పోవాల్సిన అవసరం కూడా లేదు. ఫోన్‌లో ఒప్పుకున్నదాన్ని కాదంటేనే ఆ దారి.

ఒప్పందం కుదిరాక కొత్త గడువు అయ్యే నెలకి ముందు నెలలో, వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద కాకుండా ఫోన్లో గుర్తు పెట్టించుకోండి, క్యాలెండర్ ఉగాదికో సంక్రాంతికో మారిపోతుంది. మీ అబ్బాయిని కూడా వాడి ఫోన్లో పెట్టుకోమనండి. వాడి గడువు ఎప్పుడవుతుందో కూడా అడగండి, అక్కడ కంపెనీ ముందుగా రాసినా ఆ ఈమెయిల్ తెరిచి చూడాల్సింది వాడే.

సోమవారం ఫోన్ చేశాక ఏమన్నారో నాకు రాయండి. డాకెట్ నంబర్ మాత్రం ముందే ఒక కాగితం మీద రాసుకోండి.